కూర్చున్నవాళ్లని కాల్చదు

సోమవారం. పోటు మామూలు. సముద్రపు గోడ పొడిగానే ఉంది.

నీళ్ల ప్లాంటులో షిఫ్టు లాగ్ రాయడం నాకు అలవాటు. ఏ పంపు ఆగింది, ఏ వడపోత మార్చాం, ఎవరు రాలేదు. అంతకు మించి రాయం. ఇంట్లోనూ అలాగే రాద్దామని మొదలుపెట్టాను. ఇవాళ జరిగింది నోటితో చెప్పలేను.

ఉదయం పైకప్పు ఎక్కి సోలార్ పలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. ఇదివరకు అది నా భార్య హైమ పని. ఎండ బాగా కాసింది. కరెంటు మిగిలింది. కొత్త కోరంగిలో మిగిలిన కరెంటు దాచుకునేంత బ్యాటరీ ఎవరి ఇంట్లోనూ లేదు. అందుకే ఇక్కడ అందరూ మిట్టమధ్యాహ్నం ఆడతారు. ఆ వేళ వీధిలో మనిషి కనిపించడు. కిటికీల్లోంచి తుపాకుల చప్పుడు మాత్రం వస్తుంది.

హైమ పోయాక కన్సోల్ పెట్టడం ఇదే మొదటిసారి. పాత ఖాతా తెరుచుకోలేదు. కొత్తది ఇచ్చారు. ఆట మాత్రం అదే, ‘హద్దు’. వందమంది ఒక పాడుబడ్డ ఊళ్లో దిగుతారు. ఒక్కరు మిగిలేదాకా కాల్చుకుంటారు.

నాకు కాల్చడం రాదు. ఇన్నేళ్లు ఆడాను గానీ సగమే ఆడాను. ఇంటికి ఒక కన్సోల్, ఒక కంట్రోలర్ అని ఆటల మండలి నియమం. మిగతా ఇళ్లలో వంతులు వేసుకుంటారు. మేం వేసుకోలేదు. సోఫాలో పక్కపక్కన కూర్చుని ఒకే కంట్రోలర్‌ను చెరో చేత్తో పట్టుకునేవాళ్లం. ఎడమ సగం నాది: నడక, పరుగు, కూర్చోవడం. కుడి సగం హైమది: చూపు, గురి, ట్రిగ్గర్. ‘ఆగండి’ అంటే ఆగేవాణ్ణి. ఆమె కాల్చేది. ‘పదండి’ అంటే నడిచేవాణ్ణి.

ఇవాళ రెండు చేతులూ నావే. కుడి చేతికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆకాశం, నేల, ఆకాశం కనిపించాయి. కళ్లు తిరిగి ఒక గోడ పక్కన కూర్చున్నాను, ఆటలో.

అప్పుడొకడు వచ్చాడు. సందు మలుపు తిరిగి నా ఎదురుగా ఆగాడు. తుపాకీ గొట్టం నేల వైపు ఉంది. నన్ను చూశాక అది పైకి లేచింది. గుండె దాకా వచ్చి ఆగింది. కాల్చలేదు. చూస్తూ నిలబడ్డాడు. నేను కంగారులో బటన్ నొక్కి లేచాను. లేచీ లేవగానే కాల్చాడు. ఒకే తూటా.

ఈ ఆటలో ఎవరి తుపాకీ అయినా తల ఎత్తులో ఉంటుంది. గురి పై నుంచి కిందికి దిగుతుంది. నేల మీద నుంచి లేచే గురి ఒక్క హైమది. నా అడుగుల ముందు మందుపాతరలున్నాయేమోనని ఆమె ఎప్పుడూ నేలనే చూసేది. శత్రువు వస్తే అక్కణ్ణించి ఎత్తేది. కూర్చున్నవాళ్లని మాత్రం కాల్చేది కాదు. కట్టు కట్టుకుంటుంటాడు, తూటాలు నింపుకుంటుంటాడు, లేవనివ్వండి అనేది. దానివల్ల ఎన్నోసార్లు ఓడిపోయాం.

కన్సోల్ ఆపేశాను. కుక్కర్ మూత తీయలేదు. అన్నం అలాగే ఉంది.

బుధవారం. గాలి తూర్పు నుంచి. ప్లాంటులో రెండో పంపు మొరాయించింది.

వడపోతలు కడిగి వస్తూ బ్లాకు కిందనున్న బ్యాటరీ గదికి వెళ్లాను. ఇంట్లో దీపాలకు సరిపడే చిన్న బ్యాటరీ అక్కడే నింపుకోవాలి. ఆ గది నూకరత్నం గారిది. గోడకు పెద్ద తెర ఉంటుంది. ఖాళీగా ఉన్నవాళ్లంతా అక్కడ చేరి ఇంకొకళ్ల ఆట చూస్తారు. కొత్త సీజన్ వస్తోందట. తుపాకీకి నెమలి రంగు వస్తుందా, బంగారు రంగు వస్తుందా అని వాదన. ఆట గురించి ఒక్కడూ మాట్లాడలేదు.

ఎదురుపడితే కాల్చని శత్రువు గురించి నేను మామూలుగా అడిగాను. అందరూ నవ్వారు.

“మర్యాదరావా అన్నయ్యగారూ?” అంది నూకరత్నం గారు. “కొత్తగా దిగేడండి. కూచుంటే కాల్చడు. ఆడోళ్లు బస్సెక్కితే లేచి సీటిచ్చే రకం. మా ఆయనకి ఆడి మీద ఒళ్లు మంట. ఎంత మర్యాద చేసినా చివరికి కాల్చేది ఆడేనంట.”

ఎప్పటినుంచి కనిపిస్తున్నాడని అడిగాను. ఆవిడ ఆలోచించి చెప్పింది. హైమ పెద్దకర్మ అయిన వారం నుంచి.

అందులో సంగతి ఆవిడకు తట్టలేదు. బ్యాటరీ చేతికిచ్చి, ఆవకాయ పెడితే పంపిస్తానంది.

శుక్రవారం. ఎండ.

సెలవు పెట్టి మధ్యాహ్నం ఆట తెరిచాను. కాల్చే ఉద్దేశం లేదు. అతడు ఎక్కడికి పోతాడో చూడాలి. అతడు అనే రాస్తున్నాను. ఇంకో మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

బడి వెనక కనిపించాడు. నేను కూర్చున్నాను. ఆగి చూసి వెళ్లిపోయాడు. దూరం నుంచి వెంట నడిచాను. బడి గోడ వెంబడి పోయి, వంతెన ఎక్కకుండా కింద కాలువలో దిగి, నీళ్ల ట్యాంకు వెనక్కి చేరాడు. ట్యాంకుకు వీపు ఆనించి నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తి ఆకాశంలోకి చూశాడు. చాలాసేపు.

కంట్రోలర్ ఒళ్లో పెట్టేశాను.

వంతెన ఎక్కనిది నేను. అక్కడ అందరికీ కనిపిస్తామని హైమతో వాదించేవాణ్ణి. ఏ ఊళ్లో దిగినా ముందు నీళ్ల ట్యాంకు వెతికేదీ నేనే. ప్లాంటు బుద్ధి అని ఆమె వెక్కిరించేది. అక్కడికి చేరాక ఆమె కుడి స్టిక్ పైకి తోసేది. తెర నిండా ఆకాశం. నాకు దారి కనపడక గోడలకు గుద్దుకునేవాణ్ణి. కిందికి చూడు అని కసిరేవాణ్ణి. మీరు కాసేపు ఆగండి, కొంపలేం మునిగిపోవు అనేది.

ఆ చూపు హైమది. ఆ కాళ్లు నావి.

నేను బతికే ఉన్నాను. సోఫాలో ఉన్నాను. నా కాళ్లు ఆ తెరలో, పోయిన మనిషితో నడుస్తున్నాయి. ఇంకా అర్థం కాలేదు. అయినంతవరకు రాశాను.

శనివారం. మబ్బు. కరెంటు లేదు.

వీర్రాజు వచ్చాడు. హైమ తమ్ముడు. గోడ మరమ్మతుల్లో పనిచేస్తాడు. పెద్దకర్మ తర్వాత ఇంటికి రావడం ఇదే. నేను ఏదో అనేలోగా అతనే చెప్పాడు. రోజూ మధ్యాహ్నం ఆటలోకి వెళ్తున్నాడట. మర్యాదరావును వెతికి ఎదురుగా కూర్చుంటాడట. అతడు ఆగి చూసి వెళ్లిపోతాడు. వీర్రాజు కన్సోల్ ఆపేసి పనికి పోతాడు.

“అక్కే బావా,” అన్నాడు. “నీకూ తెలుసుగా.”

తెలుసన్నాను. కాళ్ల సంగతి చెప్పాను. అతను నా కాళ్ల వైపు చూశాడు, చెప్పులతో సహా. తర్వాత ఇద్దరం టీ తాగాం. చక్కెర ఎక్కువైంది. ఇద్దరం గ్లాసులు ఖాళీ చేశాం.

సోమవారం. పోటు ఎక్కువ. గోడ పైదాకా తడి.

ఆటల మండలి కార్యాలయానికి వెళ్లాను. కౌంటర్‌లో సాహితి అనే అమ్మాయి. కసురుకోలేదు. కుర్చీ చూపించింది. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. అదే ఎక్కువ భయపెట్టింది.

ఆటలో దిగే వందమందిలో బతికున్నవాళ్లు పట్టుమని పదిమంది ఉండరట. మిగతావాళ్లు పోయినవాళ్లు. ఖాతాదారు పోతే వాళ్లు ఆడిన ఆటంతా మండలికి చెందుతుంది. ఆ ఆట నుంచి ఒక శత్రువును తయారు చేస్తారు. వాళ్లు నడిచినట్టు నడుస్తాడు, కాల్చినట్టు కాలుస్తాడు. ఇది ఎప్పటినుంచో జరుగుతోంది.

ఎందుకని అడిగాను.

“ఖాళీగా ఉన్న ఆటలోకి ఎవరొస్తారండి?” అంది. “ఎప్పుడు తెరిచినా నిండుగా ఉండాలి. బతికున్నవాళ్లు అన్నిసార్లు ఆడలేరు కదండీ.”

చదువుకునే రోజుల్లో నేను కొన్న మొదటి ఆట డిస్కులో వచ్చింది. హాస్టల్ గదిలో దాచుకున్నాను. అందులోనూ తుపాకులే. అయితే కథ ఉండేది. ఒక వంతెన పేల్చాలి, ఒక మనిషిని కాపాడాలి. చివరికి తయారు చేసినవాళ్ల పేర్లు తెర మీద పైకి పోయేవి. అయిపోయేది. డిస్కు డబ్బాలో పెట్టి పడుకునేవాళ్లం. పెళ్లయ్యాక హైమకు నేర్పింది ఆ ఆటే. పేర్లు పైకి పోతుంటే ఆమె ఒక్కొక్కటీ చదివేది. తర్వాత డిస్కులు పోయాయి. కథలు పోయాయి. ఆటకు చివర లేకుండా పోయింది. సీజన్ తర్వాత సీజన్. చివర లేని ఆటకు మనుషులు చాలరు. ఇది నాకు ముందే తట్టాల్సింది. ఇవాళ కౌంటర్ ముందు తట్టింది.

మా ఖాతాలో ఇద్దరి ఆట ఉందని చెప్పాను. ఎడమ చెయ్యి నాదని చెప్పాను. ఆ అమ్మాయి తెర చూసింది.

“ఖాతా హైమవతి గారి పేరు మీద ఉందండి. ఇళ్లూ, కార్డులూ, కన్సోళ్లూ అన్నీ ఆడవాళ్ల పేరు మీదే కదండీ ఇచ్చేది. రేషన్‌లో ఆవిడ పేరు తీయించారు. ఖాతా కూడా పోయినట్టే లెక్క.”

“అందులో సగం నేను.”

“సగాలు ఉండవండి,” అంది. నొచ్చుకుంటూనే అంది.

వెనక్కి ఇచ్చెయ్యమని అడిగాను. కుదరదట. పైగా ఈ సీజన్ ఆఖరున కలగలుపు ఉందట. పోయినవాళ్ల ఆటల్లో మంచివన్నీ కలిపేసి ఒకే రకం శత్రువును తయారు చేస్తారు. ఒకరి నడక, ఒకరి గురి, ఒకరి తెగింపు. ఇకమీదట అందరూ ఆ శత్రువుతోనే ఆడతారు. మా ఖాతా ఎంపికైందని సంతోషంగా చెప్పింది. గురి చాలా బాగుందట.

“ఒక్క లోపం ఉందండి. కూర్చున్నవాళ్లని చూస్తే ఆగిపోతోంది. ఫిర్యాదులొస్తున్నాయి. గురి ఉంచి ఆ లోపం తీసేస్తారు.”

ఆ అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది. మా ప్లాంటు నీళ్లు. తాగాను.

అన్నీ కలుపుతారా అని అడిగాను. లేదంది. మరీ ఓడిపోయేవి కలపరు. పట్టికలో పేర్లుండవు, ఖాతా నంబర్లే; సీజన్ ముగిసేలోగా అందులో అడుక్కి జారిన ఆటలను చెరిపేస్తారు.

“ఓడిపోతే దానంతటదే పోతుందండి,” అంది. ఊరట చెబుతున్నట్టే అంది. వస్తూ దారిలో వీర్రాజుకు ఈ సంగతంతా చెప్పాను.

మంగళవారం. పలకలు తుడిచాను.

హైమ గురిని వేల ఇళ్లలోకి పంపిస్తారు. నేల మీద నుంచి లేస్తుంది, గుండె దాకా వస్తుంది, ఆగదు. కట్టు కట్టుకునేవాణ్ణి కాలుస్తుంది. మొదటిసారి ఆడుతూ ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న పిల్లను కాలుస్తుంది. కాల్చింది హైమ అని ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

దాన్ని అడుక్కి జార్చాలి. అంటే ఓడించాలి. మళ్లీ మళ్లీ. మిగతావాళ్లు ఎదురుపడలేరు, గురి అలాంటిది. ఎక్కడ నడుస్తుందో ముందే తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బుధవారం. ఎండ.

భోజనం వేళ ఇంటికొచ్చి, ట్యాంకు వెనక కాచుకున్నాను. నిలబడి కాల్చాను. తగల్లేదు. నన్ను కాల్చింది.

గురువారం. ఎండ.

ఇవాళా అంతే. ఆటలోనే ఖాళీ డబ్బాల మీద సాధన చేశాను. ఊపిరి వదిలేశాక నొక్కండి అని హైమ ఎప్పుడో అంది, నాకు నేర్పబోయి. అప్పుడు నేర్చుకోలేదు. అవసరం లేదనుకున్నాను.

శనివారం. మబ్బు విడిచింది.

ఇవాళ కూర్చుని కాల్చాను.

అది మలుపు తిరిగి వచ్చింది. గొట్టం లేచింది, ఆగింది. నేను లేస్తానని ఆగింది. నేను లేవలేదు. ఊపిరి వదిలాను. ఇంత దగ్గర్లో కాల్చడం రానివాడికైనా గురి తప్పదు.

పడిపోయింది. తెర మీద నా పేరు పక్కన ఒకటి పడింది. కన్సోల్ తనంతట తనే చప్పట్లు కొట్టింది. లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

మంగళవారం. ప్లాంటులో అంతా మామూలు.

రోజూ అదే. అది ఆగుతుంది. నేను కాలుస్తాను. ఒక్కసారి కూడా నేర్చుకోలేదు. పోయినవాళ్లు నేర్చుకోరు.

బ్యాటరీ గదిలో సంగతి తెలిసింది. మర్యాదరావును కూర్చుని కొడుతున్నది నేనేనని తేలిపోయింది, తెర మీద పేరు వస్తుంది కదా. కొందరు మెచ్చుకున్నారు. ఇన్నాళ్లూ ఈ కిటుకు తట్టలేదే అన్నారు. ఆ దారిన ఇంకెందరు కొడతారో. నాకు కావలసింది అదే. అయినా అక్కడ నిలబడలేకపోయాను.

నూకరత్నం గారు గుమ్మం దాకా వచ్చింది. ఆవిడకు వీర్రాజు అంతా చెప్పినట్టున్నాడు. నవ్వు లేదు.

“అన్నయ్యగారూ, ఆ వందమందిలో మా అమ్మ కూడా ఉందంటారా?”

ఉండొచ్చన్నాను. ఆవిడ గదిలోకి తిరిగి చూసింది. తెర మీద ఎవడో పరిగెడుతున్నాడు. వెనక నుంచి ఎవడో కాల్చాడు. కుర్రాళ్లు కేకలు పెట్టారు.

“మా అమ్మకి కళ్లు ఆనేవి కాదండి,” అంది. “రోజూ పది నిమిషాలకే చచ్చిపోయేది. ఆవిణ్ణి చెరిపేసుంటార్లెండి.” తెర నుంచి చూపు తిప్పుకుని, “మంచిదే అయింది,” అంది.

బుధవారం. గాలివాన వస్తుందన్నారు. రాలేదు.

వీర్రాజు గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“రోజూ చంపుతున్నావా బావా?”

అవునన్నాను.

“కూచుని?”

అవునన్నాను.

“నేను దాని ముందు కూచునేది అక్క నన్ను చూసి ఆగుతుందని. ఆ ఒక్క నిమిషం కోసం. నువ్వేమో అదే నిమిషంలో…” అని ఆపేశాడు. అతని బూట్ల నిండా గోడ బురద. “ఎలాగోలా ఉందిగా. ఉండనివ్వచ్చుగా. లోపం తీసేస్తే తీసెయ్యనీ. గురైనా మిగుల్తుంది.”

ఆగడం తీసేస్తే ఇక మిగిలేది ఎవరి గురి అని అడిగాను. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అతను అన్నదాంట్లో తప్పు లేదు. లాగ్‌లో పెడుతున్నాను.

ఆదివారం. పోటు.

మూడు రోజులుగా ట్యాంకు దగ్గర ఇంకొకడు ఉంటున్నాడు. నాకూ దానికీ మధ్యలో నిలబడతాడు. నన్ను కాల్చడు. నేను కాల్చాలంటే ముందు అతన్ని కాల్చాలి. పేరు చూడనక్కర్లేదు. వీర్రాజు నిలబడే తీరు నాకు తెలుసు, పెళ్లిలో వీడియోకు అడ్డంగా నిలబడ్డ రోజు నుంచి.

కాల్చలేదు. పట్టికలో మా ఖాతా మళ్లీ పైకి లేస్తోంది. సీజన్ ఆఖరు దగ్గరపడింది.

మంగళవారం. ఎండ. వేడి.

మండలివాళ్లు కొత్త శత్రువు నమూనాను, అసలు కలగలుపుకు ముందుగా, అన్ని బ్యాటరీ గదుల్లో చూపించారు. నేను ప్లాంటు నుంచి నేరుగా వెళ్లాను. గది నిండిపోయింది. వీర్రాజు ముందు వరసలో ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

తెర మీద ఒకామె, ఆడుతున్న మనిషే, కాలికి కట్టు కట్టుకుంటూ కూర్చుంది. శత్రువు వచ్చాడు. కొత్త బట్టలు, నెమలి రంగు తుపాకీ. నడక ఎవరిదో. గొట్టం నేల వైపు ఉంది. పైకి లేచింది. నేల నుంచి, మోకాలు, నడుము, గుండె. అదే వంపు. ఆ వంపు నాకు నిద్రలో చూపించినా గుర్తుపడతాను.

ఆగలేదు.

గదిలో అందరూ ఒక్కసారి ఆహా అన్నారు. బాగుందన్నారు. ఇప్పుడు మజా అన్నారు. నూకరత్నం గారు తెర వైపు చూడకుండా బ్యాటరీల వైర్లు సర్దుతోంది. వీర్రాజు లేచి నిలబడ్డాడు. కూర్చోరా అని వెనక నుంచి ఎవరో అరిచారు. అతను కూర్చోలేదు. తెర నల్లబడేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత మనుషుల్ని తోసుకుంటూ బయటికి పోయాడు.

బుధవారం. ఎండ. రేపటితో సీజన్ ఆఖరు.

పొద్దున్నే వచ్చాడు. బూట్లు బయట విప్పాడు. పట్టిక చూశానన్నాడు. నిన్న మధ్యాహ్నమంతా కుర్రాళ్లు కూర్చుని కొట్టారట, కిటుకు తెలిసింది కదా. ఇంకొక్క ఓటమి చాలట.

“ఇంకెవడో కొట్టేలోపు మనమే వెళ్దాం,” అన్నాడు.

అన్నం తిన్నాం. నూకరత్నం గారి ఆవకాయ వేసుకున్నాం. మధ్యాహ్నం కన్సోల్ పెట్టాను. కంట్రోలర్ తీసుకుని ఎప్పటిలా సోఫాలో ఎడమవైపు కూర్చోబోయాను. వీర్రాజు ముందే అక్కడ కూర్చున్నాడు. చెయ్యి చాచి ఎడమ సగం పట్టుకున్నాడు.

“నువ్వు అటు కూచో బావా.”

హైమ కూర్చునే చోట కూర్చున్నాను. ఆ వైపు సోఫా కొంచెం పల్లంగా ఉంటుంది. నాకు తెలియదు. ఎప్పుడూ అటు కూర్చోలేదు.

వీర్రాజు నడిపించాడు. వంతెన ఎక్కబోయాడు. కాలువలోంచి పదమన్నాను. దిగాడు. చూపు నా చేతిలో ఉంది. నాకు తెలియకుండానే నేల వైపు ఉంచాను, అతని అడుగుల ముందు. ట్యాంకు వెనక్కి చేరాం. ఆగమన్నాను. అతను కూర్చునే బటన్ నొక్కాడు.

అది వచ్చింది. కాలువ దారినే వచ్చింది. గొట్టం లేచింది. ఆగింది. మేం లేస్తామేమో అని చూసింది. వీర్రాజు బొటనవేలు స్టిక్ మీద కదలకుండా ఉంది. కాసేపటికి అది ట్యాంకుకు వీపు ఆనించి, మా పక్కనే, తల పైకెత్తింది.

నేను కాల్చలేదు. కుడి స్టిక్ పైకి తోశాను. తెర నిండా ఆకాశం వచ్చింది. ఇన్నేళ్లలో నేను దాన్ని చూడలేదు. దారికి అడ్డమనుకున్నాను.

చాలా ఎత్తులో కొంగల బారు పోతోంది. ఆటకు దాంతో పనేమీ లేదు. తుపాకీకి అందదు, పాయింట్లు రావు. ఈ ఊరు గీసినవాళ్లలో ఎవరో ఊరికే పెట్టి ఉంటారు. సీజన్లు మారినా తీసెయ్యడం మర్చిపోయి ఉంటారు. బారులో ఒక కొంగ వెనకబడింది. రెక్కలు గబగబా కొడుతోంది. మిగతావి ట్యాంకు అంచు దాటేలోగా అది వాటిని అందుకోవాలి.

“ఇదా అక్క చూసేది?” అన్నాడు వీర్రాజు.

కొంగ కలిసేదాకా ఆగాను. కలిసింది. బారు ట్యాంకు వెనక్కి దాటిపోయింది.

చూపు దించాను. అది ఇంకా పైకే చూస్తోంది. ఊపిరి వదిలాను. నొక్కాను.

తర్వాత ఎవరో మమ్మల్ని వెనక నుంచి కాల్చారు. బతికున్నవాళ్లో కాదో తెలియదు. వీర్రాజు కంట్రోలర్ వదలలేదు. నేనూ వదలలేదు. కాసేపటికి తెర మీద పట్టిక వచ్చింది. కిందిదాకా చూశాం. హైమ ఖాతా నంబరు లేదు.

శుక్రవారం. కొత్త సీజన్. పోటు మామూలు. గోడ పొడిగా ఉంది.

పలకలు తుడిచాను. రెండో పంపుకు కొత్త సీల్ వేశాం. ఇక మధ్యాహ్నం ఇంటికి రావలసిన పని లేదు. అయినా ఇవాళ వచ్చాను.

ఆట తెరిచాను. నెమలి రంగు తుపాకులు, కొత్త పాట. పాడుబడ్డ ఊళ్లో దిగాను. బడి గోడ పక్కకు నడిచి కూర్చున్నాను.

శత్రువు వచ్చాడు. నన్ను చూశాడు. ఆగలేదు. కాల్చాడు.

గొట్టం తల ఎత్తు నుంచి కిందికి దిగింది. తూటా పై నుంచి వచ్చింది.

హైమది కాదు. కన్సోల్ ఆపి ప్లాంటుకు వెళ్లాను.